వారం వారం అదే బల్ల, అవే మొహాలు: పోకర్‌లో టేబుల్ ఇమేజ్ నడుపుకోవడం

ఒడిశా సరిహద్దులోని రాయగడలోనో గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో మేడ మీద వారానికోసారి పడే పోకర్ బల్ల వేరు, గోవా కసీనోలో బల్ల వేరు. అక్కడ ఎదురుగా కూర్చున్నవాడు రేపు మీకు కనపడడు. ఇక్కడ అదే ఏడెనిమిది మంది, ఏడాది పొడుగునా. పోయిన శనివారం రెండూ ఏడూ లాంటి చెత్త ముక్కలు పట్టుకుని, మంచివి ఉన్నట్టు బ్లఫ్ కొట్టి దొరికిపోయిన సంగతి ఈ శనివారం టీ దగ్గర మళ్ళీ వస్తుంది. ఒక గంటలో ఇమేజ్ (మీరు ఎలాంటి ఆటగాడో బల్లకున్న అభిప్రాయం) కట్టుకోండి, మరో గంటలో దాన్ని ఖర్చుపెట్టండి అనే మామూలు సలహాలు ఇలాంటి చోట సగమే పనికొస్తాయి. ఇక్కడ పేరు నెమ్మదిగా పుడుతుంది, అంతకన్నా నెమ్మదిగా పోతుంది. దాన్ని బట్టే ఆట నడపాలి.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఒడిశాలో 1955 నాటి జూద నిరోధక చట్టం ఉంది. రమ్మీ నైపుణ్యం ఆటేనని 1967లో ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు అంది కదా, మనకూ అదే వర్తిస్తుందిలే అనుకుని బల్ల మీద నోట్లు పెట్టొద్దు. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే పోకర్, రమ్మీలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా పాయింట్ల ఆటకే. పాయింటుకు విలువ లేకపోతే ప్రతివాడూ రివర్ (బల్ల మీద పడే ఐదో, చివరి ముక్క) దాకా కాల్ చేస్తూ (ఎదుటివాడు కాసినంతా పెడుతూ) పోతాడు, ఇమేజ్‌కి చోటే ఉండదు అంటారు. నిజమే. దానికి తేలికైన మందు ఒకటుంది: ప్రతి రాత్రీ మిగిలిన చిప్స్ లెక్క నోట్‌బుక్‌లో ఎక్కించి, మూడు నెలలకోసారి కూడిక తీయండి. అట్టడుగున ఉన్నవాడు తర్వాతి మూడు నెలలూ బల్ల సర్దాలి, చిప్స్ లెక్కపెట్టాలి. పరువు కోసం మనవాళ్ళు ఎంత జాగ్రత్తగా ఆడతారో అప్పుడు చూడండి.

చిప్స్ ఎన్ని అన్నది చిన్న విషయంలా ఉంటుంది గానీ ఇమేజ్‌కి అదే ఆధారం. మనిషికి 200 పాయింట్లు: ఒకట్లు 20, ఐదులు 20, పదులు 8. అంటే 48 చిప్స్. ఆరుగురికి 288 కాబట్టి 300 చిప్స్ పెట్టె చాలు. ఎనిమిది మందికి 384, అప్పుడు 500 పెట్టె కావాలి. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టేవి) 1, 2; పెద్దది బిగ్ బ్లైండ్. చేతిలో వంద బిగ్ బ్లైండ్లు ఉన్నట్టు. చాలాచోట్ల 40 పాయింట్లిచ్చి 1, 2 బ్లైండ్స్‌తో మొదలెడతారు. అలాంటి ఆటలో ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ఉమ్మడి ముక్కలు) పడగానే అందరూ ఆల్ ఇన్ (ఉన్నవన్నీ తోసేయడం), ఎవరి పేరూ ఎవరికీ అక్కర్లేదు. టర్న్ (నాలుగో ముక్క) మీద, రివర్ మీద పందెం కాయడానికి చిప్స్ మిగిలి ఉంటేనే ఎదుటివాడు “వీడు ఎలాంటివాడు?” అని ఆలోచిస్తాడు.

పేరు ఎక్కడ పుడుతుంది

మనమే కలిపి, మనమే పంచుకునే బల్ల మీద గంటకు 20, 25 ఆటలు పడతాయి. నాలుగు గంటల్లో 80 నుంచి 100. బిగించి ఆడేవాడు వందకు 15 ఆటల్లో దిగుతాడనుకుంటే, వాటిలో ముక్కలు తిప్పి చూపించేదాకా వెళ్ళేవి నాలుగో ఐదో. బల్లకు మీ గురించి తెలిసేది ఆ నాలుగైదు సార్లే. దిగని ఎనభై అయిదు ఆటల్లో మీరు ముక్కలు పడేసిన సంగతి పక్కవాడికి లీలగా గుర్తుంటుంది, అంతే.

మంచి ముక్కలు ఎంత అరుదో కూడా చూడండి. చేతికొచ్చే రెండు ముక్కలు మొత్తం 1326 రకాలుగా పడొచ్చు. ఆసుల జత, రాజుల జత, రాణుల జత, ఆసు-రాజు, ఈ నాలుగూ కలిపితే 34. సగటున 39 ఆటలకు ఒకసారి. రాత్రంతా కూర్చుంటే రెండుసార్లో మూడుసార్లో. అవి వచ్చినప్పుడే గెలిచి, అవే చూపించి, మిగతావన్నీ దాచేస్తే మీకు పడే పేరు “వాడు ఆసులుంటేనే దిగుతాడు” అని. ఆ పేరు చెడ్డదేమీ కాదు. వాడుకోవడం రాకపోతే మాత్రం మీకు ఆసులు వచ్చిన రోజున అందరూ లేచిపోతారు (ముక్కలు పడేస్తారు), దక్కేది బ్లైండ్లు మూడు పాయింట్లు.

మీ పేరు ఏమిటో ఊహించుకోకండి, కొలవండి. ఇరవై ఆటలు పట్టుకుని, బ్లైండ్ కింద తప్పనిసరిగా పెట్టింది కాకుండా, మీరై మీరు చిప్స్ ముందుకు తోసిన ఆటలెన్నో లెక్కపెట్టండి. మూడు లోపు ఉంటే బల్ల దృష్టిలో మీరు టైట్. ఐదారు మామూలు. ఎనిమిది దాటితే లూజ్. ఇదే లెక్క ఎదుటివాళ్ళలో ఇద్దరికి కూడా వేయండి. ఎనిమిది మందికీ వేయబోతే ఎవరి లెక్కా నిలవదు.

ఇక్కడో చిక్కుంది. వందకు 15 ఆటల్లో దిగేవాడు వరసగా పన్నెండు ఆటలు పడేయడం వందలో 14 సార్లు జరుగుతుంది. ముక్కలు రాకపోవడమే తప్ప అందులో మీ ప్లానేమీ లేదు. బల్లకు ఆ తేడా తెలియదు. అరగంటగా మీరు నోరెత్తలేదని మాత్రం గమనిస్తారు. ముక్కలు రాని అరగంటని విసుక్కుంటూ గడిపేవాళ్ళు ఎక్కువమంది; దానికీ ఒక ధర ఉంటుంది, తర్వాత వసూలు చేసుకోవచ్చు.

మూడు ముక్కల నుంచి వచ్చినవాళ్ళు, రమ్మీ నుంచి వచ్చినవాళ్ళు

సరిహద్దు ఊళ్ళలో పోకర్‌తోనే పేక మొదలెట్టినవాళ్ళు అరుదు. సంక్రాంతికి రమ్మీ, దీపావళికి మూడు ముక్కలు, బరంపురం వైపు కుమార పూర్ణిమ రాత్రి జాగారం పేకాట, వీటిలో చెయ్యి తిరిగాకే పోకర్‌కి వస్తారు. ఏ ఆట నుంచి వచ్చారన్నది తెలిస్తే మీ ఇమేజ్ వాళ్ళ మీద ఎలా పనిచేస్తుందో ముందే తెలిసిపోతుంది. ఈ విషయాన్ని వేరే ఏ సలహా కన్నా ముందు పెట్టాలి.

మూడు ముక్కలాటలో ముక్కలు చూడకుండా బ్లైండ్ ఆడేవాడు, చూసి ఆడేవాడు పెట్టేదానిలో సగమే పెడతాడు. బ్లైండ్ ఆడేవాడిది దమ్ము. ఆ దమ్ము అందరికీ కనపడుతుంది, అదే వాడి ఇమేజ్. చివరికి ఇద్దరు మిగిలాక షో అడగడం అక్కడ మర్యాద. ఆ అలవాటున్నవాడు పోకర్‌లో కూర్చుంటే వాడి చెయ్యి షో వైపే లాగుతుంది: “చూద్దాం, ఏముందో.” మీరు ఎంత టైట్‌గా ఆడారో, ఎన్ని ఆటలు పడేశారో వాడికి అనవసరం. వాడి మీద టైట్ ఇమేజ్ పెట్టుకుని బ్లఫ్ కొట్టడం అంటే చిల్లి బొక్కెనతో నూతిలో నీళ్ళు తోడడం. వాడి ముందు పనికొచ్చేది లూజ్ ఇమేజ్ ఒక్కటే. ఒకసారి చెత్త ముక్కలతో దొరికిపోండి, తక్కువ పాట్‌లో (మధ్యలో పోగైన చిప్స్ తక్కువున్నప్పుడు). తర్వాత మంచి ముక్కలు వచ్చినప్పుడు వాడే కూర్చుని ఇస్తాడు.

వీళ్ళతో ఇంకో సంగతి: మూడు ముక్కల్లో సీక్వెన్స్ పెద్దది, కలర్ చిన్నది. పోకర్‌లో తిరగబడుతుంది, ఐదు ముక్కలూ ఒకే రంగైతే (అన్నీ ఇస్పేట్లో, అన్నీ ఆఠీన్లో) స్ట్రెయిట్‌ని, అంటే వరస ముక్కల్ని, కొట్టేస్తుంది. కొత్తలో రంగు కుదిరినా నెమ్మదిగా కాల్ చేసి ఊరుకుంటారు, స్ట్రెయిట్ కుదిరితే రెచ్చిపోతారు. వాళ్ళ పందెం చూసి భయపడేముందు బల్ల మీద ఒకే రంగు ముక్కలు మూడున్నాయా అని చూసుకోండి.

రమ్మీ మనిషి దీనికి పూర్తిగా ఎదురు. పాయింట్ రమ్మీలో మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, కూర్చుని ఓడితే 80 దాకా. ముక్కలు బాగోకపోతే 20 ఇచ్చి లేవడం తెలివి అని అతనికి ఒంటికి పట్టేసింది. పోకర్‌లోనూ “ఈ ఆటకి ఇంతటితో సరి” అని ముక్కలు పడేస్తాడు. పైగా పక్కవాడు ఏ ముక్క తీశాడు, ఏది పారేశాడు అని గుర్తుపెట్టుకునే అలవాటుంది. అంటే మీ టైట్ ఇమేజ్‌ని చూసేవాడు, నమ్మేవాడు, నమ్మి లేచేవాడు ఇతనే. బ్లఫ్‌లన్నీ ఇతని కోసం దాచుకోండి.

యాప్‌లలో ఆడి నేర్చుకున్న కుర్రాళ్ళు మూడో రకం. పండక్కి విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో వస్తారు. వీళ్ళు మీ ఆటలు లెక్కపెడతారు, మీరు మారితే వాళ్ళూ మారతారు. వీళ్ళ ముందు ఇమేజ్ ఆటలు తగ్గించి, పందెం సైజులు ఒకేలా ఉంచి, నేరుగా ఆడటమే లాభం.

టైట్ పేరును ఖర్చుపెట్టడం

బ్లఫ్ ఎన్నిసార్లు పనిచేయాలో ముందు తెలియాలి. పాట్‌లో సగం కాస్తే వందలో 33 సార్లు ఎదుటివాడు లేవాలి, అప్పుడు సరిసమానం. మూడింట రెండొంతులు కాస్తే 40. పాట్ అంత కాస్తే 50. రెట్టింపు కాస్తే 67. టైట్ పేరున్నవాడికి లాభం ఏమిటంటే, చిన్న పందెంతోనే ఆ పని అయిపోతుంది. సగం పాట్‌కే లేచే మనిషి మీద పాట్ అంతా తోయడం అక్కర్లేని ఖర్చు.

మొదట చిన్నగా, బ్లైండ్స్ దొంగతనంతో మొదలెట్టండి. పదీ పదిహేను ఆటలు పడేశారు, అందరూ మీదాకా వదిలేశారు, మీరు బటన్ మీద (పంచేవాడి సీట్లో) ఉన్నారు. 5కి రెయిజ్ చేస్తే (పందెం పెంచితే) 3 కోసం 5 పెట్టినట్టు, 62.5 శాతం సార్లు బ్లైండ్స్ పెట్టిన ఇద్దరూ లేవాలి. చెరొకరూ వందలో 80 సార్లు లేచే రకమైతే ఇద్దరూ ఒకేసారి లేచేది 64. ముక్కలతో పనిలేకుండా అక్కడికక్కడే గిట్టుబాటు. బిగ్ బ్లైండ్‌లో మూడు ముక్కల మనిషి ఉంటే ఈ లెక్క తలకిందులు, మానేయండి.

పెద్దది ఇలా నడుస్తుంది. అరగంటగా మీరు దిగలేదు. చివరిసారి చూపించింది ఆసు-రాజు, దాంతో గెలిచారు. మధ్య సీట్లో ఉన్న రమ్మీ మనిషి 6కి రెయిజ్ చేశాడు. బటన్ మీద మీ చేతిలో ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఎనిమిది. కాల్. బ్లైండ్స్ లేచారు, పాట్ 15. ఫ్లాప్: ఆఠీను రాజు, కళావరు ఏడు, డైమన్ ఆరు. పది వచ్చినా ఐదు వచ్చినా మీకు స్ట్రెయిట్. అతను 8 కాశాడు, మీరు కాల్. పాట్ 31. టర్న్: కళావరు రెండు. అతను చెక్ (పందెం కాయకుండా వదిలాడు). మీరు 16.

31కి 16 అంటే 34 శాతం సార్లు లేస్తే చాలు. పైగా మీకు పనికొచ్చే ముక్కలు ఎనిమిది మిగిలున్నాయి, 46లో 8, అంటే రివర్‌కి 17 శాతం పైన. అతను కాల్ చేస్తే పాట్ 63. రివర్ ఆఠీను ఆసు. మీకేమీ కుదరలేదు. అతను మళ్ళీ చెక్. ఇప్పుడు 42 కాస్తే 40 శాతం సార్లు లేవాలి.

కాయాలా వద్దా అన్నది ఒకే ప్రశ్న మీద ఆధారపడుతుంది: మీకున్న పేరుగల మనిషి ఇదే వరసలో ఏ ముక్కలతో ఆడేవాడు? ఏడుల జత, ఆరుల జత, ఆసు-రాజు, రాజు-రాణి. ఇవన్నీ ఫ్లాప్‌లో కాల్ చేసి టర్న్‌లో కాసేవే. ఆసు పడ్డాక ఆసు-రాజుకి రెండు జతలు. కథ ఎక్కడా తెగలేదు. అతని చేతిలో రాజు-జాకీనో పదుల జతో ఉంటే లేస్తాడు. తొమ్మిది-ఎనిమిది మీ చేతిలో ఉందని అతనికి తట్టదు, ఎందుకంటే అలాంటిది మీరు ఎప్పుడూ చూపించలేదు. కథ తెగే చోట్లు కూడా తెలుసుకోండి: ఫ్లాప్‌లో చెక్, టర్న్‌లో చెక్ చేసి రివర్‌లో ఒక్కసారిగా పాట్ అంత తోస్తే, ఎంత టైట్ పేరున్నా “ఇప్పుడు ఎక్కడ్నించి వచ్చింది బావా?” అని కాల్ చేస్తారు.

అతను లేచాడు. ముక్కలు చూపించొద్దు. అడుగుతారు, బతిమాలతారు, “ఏటి బావా, ఒక్క ముక్కయినా చూపించు” అంటారు. కాల్ చేయకుండా లేచినవాడికి మీ ముక్కలు చూసే హక్కు లేదు. నవ్వుతూ ముక్కలు పేకలో కలిపేయండి. ఈ ఒక్క నవ్వు దగ్గర ఆగలేక ఇమేజ్ మొత్తం పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

లూజ్ పేరుతో సంపాదించడం

దొరికిపోయారు. అందరూ నవ్వారు. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, పరువు నిలబెట్టుకోవడానికి వెంటనే ఇంకో బ్లఫ్. రెండు, సిగ్గుపడి గంటసేపు ముడుచుకుపోవడం. మీ గురించి బల్లకు జ్ఞాపకం అత్యంత తాజాగా ఉండే పది పదిహేను ఆటలివే. ఈ ఆటల్లో బ్లఫ్‌లు సున్నా, మంచి ముక్కలకు పందెం పెద్దది చేయండి. మామూలుగా సగం పాట్ కాసేవాళ్ళయితే మూడింట రెండొంతులకు పెంచండి.

ఎంత తేడా వస్తుందో ఒక చెయ్యి తీసుకుని లెక్కేద్దాం. మీది ఆసు-రాణి. బల్ల మీద రాణి, తొమ్మిది, నాలుగు, రెండు, ఏడు; రంగూ స్ట్రెయిటూ కుదిరే వీలు లేదు. 6కి రెయిజ్, ఒకరు కాల్, పాట్ 15. ఫ్లాప్‌లో 10, టర్న్‌లో 24, రెండూ కాల్. పాట్ 83. రివర్‌లో 55 కాయడమా, చెక్ చేయడమా?

మిమ్మల్ని కొట్టేవాటిలో ఎదుటివాడి దగ్గర ముఖ్యంగా ఉండగలవి: తొమ్మిదులు, నాలుగులు, రెండ్లు, ఏడుల జతలు ఒక్కోటి మూడు రకాలు, రాణుల జత ఒకటి, రాణి-తొమ్మిది ఆరు రకాలు. మొత్తం 19. టైట్ పేరున్నవాడి పందేన్ని ఇంతకన్నా తక్కువ ముక్కలతో కాల్ చేసేవి రాజు-రాణి ఎనిమిది రకాలు మాత్రమే. 8కి 19. కాస్తే నష్టం, చెక్ చేయాలి. ఇప్పుడే దొరికిపోయిన లూజ్ మనిషి అదే పందెం కాస్తే రాజు-రాణి 8, రాణి-జాకీ 8, రాణి-పది 8, జాకీల జత 6, పదుల జత 6 కాల్ చేస్తాయి. 36కి 19. అవే ముక్కలు, అదే బల్ల, ఒకరికి చెక్, ఇంకొకరికి పందెం. కాల్ పడ్డాక గెలిస్తే ముక్కలు తిప్పి చూపించడం తప్పనిసరి కాబట్టి ఆ లూజ్ పేరు అక్కడితో కొంత కరిగిపోతుంది. రెండుసార్లు ఇలా గెలిచారంటే మీరు మళ్ళీ మామూలు మనిషే. పందెం సైజు కిందికి తెచ్చేయండి.

లూజ్ పేరుని కావాలని కొనాలంటే చౌకగా కొనండి. 15, 20 పాయింట్ల పాట్‌లో దొరికిపోవడం చాలు. నూట యాభై పాయింట్ల పాట్‌లో బ్లఫ్ కొట్టి “ఇమేజ్ కోసం చేశాను” అనేవాడు ఓటమికి పేరు మారుస్తున్నాడంతే.

ముక్కలు చూపించడం మీద ఒక పద్ధతి పెట్టుకోండి. ఎదుటివాడు లేచాక మంచి ముక్కలు ఒకట్రెండు సార్లు చూపిస్తే టైట్ పేరు త్వరగా వస్తుంది, అంతవరకు సరే. మీరు పడేసిన పెద్ద ముక్కల్ని మాత్రం గొప్పకోసం చూపించొద్దు. “రాజుల జత పడేశాను చూడండి” అంటే, ఈయన్ని భయపెట్టొచ్చు అని ఏడుగురికీ చెప్పినట్టే. పక్కవాడికి ఒక్కడికే చూపించడం ఇంకా ప్రమాదం. ఒకరికి చూపిస్తే అందరికీ చూపించాలన్నది బల్ల నియమం.

మీకు తెలియకుండా ఇమేజ్‌ని చెడగొట్టేవి

ముక్కలు అందగానే ఎత్తి చూసేయడం మానండి. మీ వంతు వచ్చినప్పుడే చూడండి. చూశాక, ముక్కలు ఎలాంటివైనా, మనసులో ఐదు లెక్కపెట్టి అప్పుడు పని చేయండి. చెత్త ముక్కలు వెంటనే పడేసి, మంచివి పట్టుకుని ఆలోచిస్తూ కూర్చునేవాడికి ఏ ఇమేజూ నిలవదు. రెయిజ్ సైజు కూడా ఒకటే ఉంచండి: ముక్కలు ఏవైనా బటన్ మీద నుంచి 5, మిగతా సీట్ల నుంచి 6, ముందే కాల్ చేసి దిగినవాళ్ళుంటే మనిషికి 2 చొప్పున కలపండి. ఆసులకు 12, పదులకు 6 కాస్తే నెల తిరక్కుండానే అందరికీ అర్థమైపోతుంది.

పందెం ఒకే కదలికలో, లేదా నోటితో ముందే అంకె చెప్పి పెట్టాలి. కొంచెం తోసి, ఎదుటివాడి మొహం చూసి, ఇంకొంచెం తోయడం ఎక్కడా చెల్లదు. ఏమీ అనకుండా పెద్ద చిప్ ఒక్కటే వేస్తే అది కాల్ కిందే లెక్క. పదుల చిప్స్‌ని ఒకట్ల వెనక దాచొద్దు. గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని, ఎదుటివాడు తనదే అనుకునేదాకా ఆగి, అప్పుడు తిప్పడం లాంటివి ఒక్కసారి చేసినా ఆ కోపం ఆర్నెల్లు ఉంటుంది. మీ మీద కోపమున్నవాడు లెక్క చూసుకోకుండా కాల్ చేస్తాడు. దాంతో మీ బ్లఫ్‌లన్నీ చచ్చిపోతాయి.

మన వైపు బల్లలకే ఉన్న తంటా భాష. ఎనిమిది మందిలో ఐదుగురు తెలుగువాళ్ళు, ముగ్గురు ఒడియా వాళ్ళు అనుకోండి. ఆట మధ్యలో మీరు పక్కాయనతో తెలుగులో ఏదో అన్నారు, గ్యాస్ బండ సంగతే కావచ్చు. అవతలి ముగ్గురికీ అది మీరిద్దరూ కలిసి ఆడుతున్నట్టే వినపడుతుంది. ఆ అనుమానం ఒకసారి పడితే మీ ఇమేజ్ మీ ఒక్కరిది కాదు, జంటది. పెద్ద పోకర్ గదుల్లో ఆట నడుస్తుండగా ఒకే భాష మాట్లాడాలన్న నియమం ఇందుకే ఉంటుంది. మీ బల్ల మీద అందరికీ వచ్చేది ఒడియానా, తెలుగా, హిందీనా ముందే తేల్చుకుని, ముక్కలు పంచినప్పట్నుంచి పాట్ తీసుకునేదాకా అదే వాడండి. ముక్కలు లేనప్పుడు ఎవరి భాష వాళ్ళది.

చుట్టరికం అంతకన్నా పెద్ద చిక్కు. బావా బావమరిదీ ఇద్దరే పాట్‌లో మిగిలితే చెక్, చెక్, చెక్ అని తేల్చేసుకుంటారు. మామగారిని రెయిజ్ చేయడానికి అల్లుడికి మొహమాటం. టోర్నమెంట్లలో ఇలా మెత్తగా ఆడటం శిక్ష పడే తప్పు. ఇంటి బల్ల మీద శిక్షేమీ ఉండదు గానీ, మూడో మనిషి అది పట్టేస్తాడు: మీరిద్దరూ పాట్‌లో ఉంటే పందెం ఉండదని తెలిసి, చౌకగా రివర్‌దాకా వచ్చేస్తాడు. దీనికి మందు నోటితో చెప్పడమే. కూర్చునేముందే “మామయ్యగారూ, బల్ల మీద మాత్రం వదలను” అనేసి, మొదటి గంటలోనే ఒకసారి ఆయన మీద మంచి ముక్కలతో రెయిజ్ చేసి చూపించండి. అంత చేయలేని మొహమాటమైతే ఇద్దరూ పక్కపక్క సీట్లలో కూర్చోకండి, కనీసం మిగతావాళ్ళకి ఇబ్బంది తగ్గుతుంది.

నోట్‌బుక్, ఆలస్యంగా వచ్చేవాడు, పండగ చుట్టాలు

ఇమేజ్ చూసినవాడి బుర్రలో ఉంటుంది. చూడనివాడికి లేదు. ఇది చాలామంది మరిచిపోతారు. కాగితం మిల్లులో షిఫ్టు దిగి పదిగంటలకు వచ్చి కూర్చున్నవాడు మీరు తొమ్మిదికి దొరికిపోయిన బ్లఫ్ చూడలేదు. వాడికి మీరు పోయిన వారం మనిషే. అదే రాత్రి, అదే బల్ల మీద, ఒకరికి మీరు లూజ్, ఇంకొకరికి టైట్. ఫోన్ చూసుకుంటున్నవాడిదీ అదే సంగతి.

ఆట అయ్యాక ఐదు నిమిషాలు కూర్చుని రాసుకోండి. నాలుగు గళ్ళు చాలు: నేను చూపించిన ముక్కలు, ఏ సీట్లో, పాట్ ఎంత, అప్పుడు బల్ల మీద చూస్తున్నదెవరు. వారం తర్వాత కూర్చునేముందు చూసుకుంటే, ఎవరి మీద బ్లఫ్ నడుస్తుందో ఎవరు కాల్ చేస్తారో అందులోనే ఉంటుంది. పెద్ద పాట్‌లో చూపించినదానికి ఎర్రగీత పెట్టండి. చిన్న పాట్‌లవి రెండు వారాల్లో అందరూ మరిచిపోతారు, వంద దాటినవి నెలల తరబడి మాటల్లో నలుగుతాయి. వారం వారం బల్ల మీద టైట్ నుంచి లూజ్‌కి మారాలంటే ఒక రాత్రి చాలదు. మూడు నాలుగు వారాలు, వారానికి ఒక చిన్న పాట్‌లో వింత ముక్కలు చూపిస్తూ పోవాలి.

పండగలప్పుడు రైలు దిగి వచ్చి కూర్చునే చుట్టాలకు మీ గురించి ఏమీ తెలియదు, మీకూ వాళ్ళ గురించి తెలియదు. మీవాళ్ళే ముందు చెప్పేస్తారు, “మా వాడు బిగపట్టి ఆడతాడ్రోయ్” అని. ఆ మాట ఉచితంగా దొరికిన ఇమేజ్. కొత్తాయన ఎక్కడ నేర్చుకున్నాడో మొదటి ఇరవై ఆటల్లో గమనించండి: రివర్‌లో “షో” అంటే మూడు ముక్కలు, ముక్కల్ని చేతిలో సర్దుకుంటూ కూర్చుంటే రమ్మీ, పందెం కాసేముందు పాట్ ఎంతని అడిగితే యాప్. రమ్మీ అయితే ఇరవయ్యొకటో ఆటలో బటన్ మీద నుంచి ఆయన బ్లైండ్ మీద 5కి రెయిజ్ చేసి చూడండి. లేస్తే, రాత్రంతా లేస్తాడు.